నేలకు అంగుళం ఎత్తున

నాకు ఇచ్చింది ప్రొవిజనల్ అడ్మిషన్ కాబట్టి నా పాదాలు నేలకు అంగుళం ఎత్తులో ఉన్నాయి. ఆఫీసు గుమాస్తా స్కేలు పెట్టి కొలిచి, రిజిస్టరులో 'ఒక అంగుళం' అని రాసి, పక్కన నా సంతకం తీసుకుంటాడు. చెప్పులతో కొలవాలా, విడిచి కొలవాలా అని అడుగుతాను. విడిచే కొలవాలంటాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

ఈ బీఈడీ కాలేజీలో చేరిన అందరికీ మొదట ఇంతే. ప్రాస్పెక్టస్ ఏడో పేజీలో స్పష్టంగా ఉంది. డిగ్రీలో యాభై శాతం మార్కులు, ప్రవేశ పరీక్షలో ర్యాంకు, టీసీ, కండక్ట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను అంగుళం ఎత్తున చేర్చుకుంటారు. చేరాక నలభై పాఠాలు చెప్పాలి. పాఠ పథకం మీద సంతకం పడిన ప్రతిసారీ వెంట్రుకవాసి దిగుతారు, నలభై సంతకాలు పడితే నేలను తాకుతారు. తాకినవాళ్లే టీచర్లు. సంతకం పడకపోతే ఒక్కో పాఠానికి అంగుళం పైకి పోతారు. చివరి పాఠానికి కూడా సంతకం పడనివాళ్ల కోసం కిటికీ తెరుస్తారు.

నేను సిరిసిల్లలో పంతొమ్మిదేళ్లు సాంచాల షెడ్డులో పనిచేసినదాన్ని. సాంచా అంటే మా ఊళ్లో కరెంటు మగ్గం. ముప్పై సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే వాటి మీదుగా అవతలి మూలనున్న మనిషికి కథ చెప్పగల గొంతు నాది. ఆ పని చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాను, లెక్కల్లో అరవై రెండు శాతం. షెడ్డులో నా తోటి ఆడవాళ్లు పదకొండు మందికి బస్సు బోర్డులు చదవడం నేర్పాను. దరఖాస్తులో వీటికి చోటు లేదు గనక ఇక్కడ చెబుతున్నాను. గుండేటి స్వరూప గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, నాకేమీ బాధ లేదు.

మా తరగతి గదిలో ఫ్యాన్లు వేయరు. సంతకాలు పడని సీనియర్లు పైకప్పు కింద ఉంటారు, ఫ్యాన్లు వేస్తే వాళ్లకు దెబ్బలు తగులుతాయి. వాళ్లలో వీరేశం అన్న పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాడు. చివరి పాఠం చెప్పడానికి భయపడి ప్రతి ఏడూ వాయిదా వేసుకుంటున్నాడు. ఫ్యాను కాడను పట్టుకుని మా లెక్చర్లు శ్రద్ధగా వింటాడు. అతనికి హాజరు కూడా వేస్తారు.

పాఠ పథకంలో మూడు గడులుంటాయి. మొదటి గడిలో టీచరు అడిగే ప్రశ్న, రెండో గడిలో పిల్లలు చెప్పే జవాబు, మూడో గడిలో నల్లబల్ల మీద రాసేది. మూడూ ముందురోజే నింపాలి. పిల్లలు చెప్పబోయే జవాబు ముందురోజే ఎలా తెలుస్తుందని నాకు అనుమానం వస్తుంది. కానీ పక్కన నస్రీన్ తలెత్తకుండా రాసుకుపోతోంది. ఆమె నాకంటే పదిహేనేళ్లు చిన్నది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అంత చక్కగా రాస్తున్నది తప్పు కాదులే అనుకుని నేనూ రాస్తాను.

ప్రాక్టీసు కోసం మాకిచ్చిన బడి కాలేజీ వెనకే ఉంది. ఆరో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. మనం గడిలో ఏది రాస్తే వాళ్లు అదే చెబుతారు, అంతా ఒక్క గొంతుతో. కామా ఉన్నచోట ఊపిరి పీలుస్తారు. నేను ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసిన చోట, వాళ్లూ మొదటి మాట సగం పలికి, నాలుక కరుచుకుని, రెండో మాట అంటారు. మొదటి మూడు పాఠాలకూ సంతకాలు పడతాయి. మూడు వెంట్రుకవాసులు దిగుతాను.

నాలుగో పాఠం భిన్నాలు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడుగుతాను.

"నాలుగో వంతు పెద్దది టీచర్!" అంటారు నలభై ఇద్దరూ.

పథకం తీసి చూస్తాను. రెండో గడిలో అలాగే ఉంది. తొందరలో నేనే తప్పు రాశాను. "ఎవరు చెప్పిన్రు మీకు?" అంటాను. పిల్లలు కదలరు, మెదలరు. ఆ ప్రశ్నకు గడి లేదు.

వెనక బెంచీలో కూర్చున్న పురుషోత్తం సారు అప్పటికే పెన్ను మూత తీశారు. లెక్కల బోధన చెప్పేదీ, సంతకాలు పెట్టేదీ ఆయనే.

"సార్, జవాబు తప్పు సార్" అంటాను.

"తప్పో ఒప్పో, గడిలో ఉన్నది. పిల్లలు చెప్పిన్రు. పథకం ప్రకారం పాఠం నడిచింది. ఇంతకంటే ఏం గావాలమ్మా?"

సంతకం పెడతారు. నాలుగో వెంట్రుకవాసి దిగుతాను. నాకు ఒళ్లు మండిపోతుంది. షెడ్డులో పోగు తెగితే సాంచా ఆపి ముడి వేస్తాం. ముడి వేయకుండా బట్ట దింపినదాన్ని ఏ రోజూ కాను. ఇక్కడ తెగిన పోగు మీద సంతకం తీసుకుని కిందికి దిగాను, ఇంటికి వెళ్లే దారంతా చెప్పుల కింద ఆ దిగిన కాస్త నాకు తెలుస్తూనే ఉంది.

అయిదో పాఠానికి రెండో గడి ఖాళీగా వదిలేసి తీసుకెళ్తాను.

పురుషోత్తం సారు పథకాన్ని తిప్పి వెనక కూడా చూస్తారు. "ఇదేంది?"

"పిల్లలేం చెప్తరో నాకెట్ల తెలుస్తది సార్? వాళ్లు చెప్పినంక రాస్త."

"చెప్పినంక రాసేదాన్ని పథకం అనరమ్మా, పంచాయితీ అంటరు."

పాఠం మొదలుపెడతాను. ప్రశ్న అడుగుతాను. పిల్లలు గడిలోకి చూస్తారు. అక్కడేమీ లేదు. నోళ్లు తెరుచుకుని అలాగే కూర్చుంటారు. నలభై అయిదు నిమిషాలు అలాగే గడుస్తాయి. గంట కొట్టగానే నేను అంగుళం పైకి లేస్తాను.

ఆరో పాఠం, ఏడో పాఠం, ఎనిమిదో పాఠం అంతే. తోటివాళ్లు రోజుకింత దిగుతున్నారు, నేను రోజుకింత ఎక్కుతున్నాను. మెట్లు దిగడం నాకు కష్టమవుతోంది. నస్రీన్ తన చున్నీ ఒక కొసను నా నడుముకు, ఇంకో కొసను తన మణికట్టుకు కట్టుకుని నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్తుంది. టీ గ్లాసు పైకి అందిస్తుంది.

"అక్కా, నీకు మొండితనం ఎక్కువ" అంటుంది.

"మొండితనం కాదు, లెక్క" అంటాను.

సాయంత్రం నాలుగింటికి షెడ్డు ఆడవాళ్లు కాలేజీ ప్రహరీ పక్కగా వెళ్తుంటారు. మునుపు నేను వాళ్లకు కనిపించేదాన్ని కాదు. ఇప్పుడు గోడ మీదుగా నా తల కనిపిస్తోంది. "అగో మన స్వరూప! ఎంత పైకొచ్చిందో చూడుండ్రి!" అని ఒకళ్లకొకళ్లు చూపించుకుని చెయ్యి ఊపుతారు. వాళ్లకు నిజం చెప్పడానికి నాకు నోరు రాదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ గర్వంగానే ఉంటుంది. నేనూ చెయ్యి ఊపుతాను.

పదకొండో పాఠం మధ్యలో, అదే నిశ్శబ్దంలో, మొదటి బెంచీ నుంచి ఒక గొంతు వస్తుంది. రవళి అనే పిల్ల. రెండు జడలు, ఒక జడకు రిబ్బను లేదు.

"టీచర్, నీకు కాళ్లు గుంజుతలేవా?"

ఇది ఎవరూ రాసిన మాట కాదు. తరగతి మొత్తం ఆమె వైపు తిరుగుతుంది. రవళి తన నోటిని తనే చేత్తో తడుముకుంటుంది, అందులోంచి ఇంకా ఏమైనా వస్తుందేమోనని.

"గుంజుతున్నయి బిడ్డా" అంటాను. "ఆనిచ్చుకోవడానికి ఏం లేక మస్తు గుంజుతున్నయి."

ఆ మాటను ఖాళీ గడిలో రాసి, పక్కన రవళి అని పేరు వేసి సారుకు ఇస్తాను. ఆయన చదువుతారు. పాఠానికి సంబంధం లేదంటారు. నేను అంగుళం పైకి లేస్తాను, కానీ ఆ రోజు లేస్తుంటే పాట పాడాలనిపిస్తుంది. ముప్పై సాంచాల మీద వినిపించే పాట.

అక్కడి నుంచి పిల్లల నోళ్లు ఒక్కొక్కటే విడివడతాయి. ఇంటికి ఎన్ని మూలలుంటాయని అడిగితే, "మా ఇంటికి మూడే టీచర్, నాలుగోది పక్కింటోళ్లది" అంటాడు ఒకడు. చుట్టుకొలత అంటే ఏమిటంటే, "మా కుక్క పండుకునే ముందట తిరుగుతది గద, అది" అంటుంది ఇంకో అమ్మాయి. నేను అన్నీ రాసుకుంటాను. సరైనవి, తప్పైనవి, సరో తప్పో తేల్చలేనివి. గడి చాలక అంచుల్లో రాస్తాను. కుక్క జవాబు దగ్గర పురుషోత్తం సారు నవ్వుతారు, చాలాసేపు నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు. తర్వాత పెన్ను మూత పెట్టేస్తారు.

"మంచిగ చెప్పినవమ్మా" అంటారు. "నిజంగ మంచిగ చెప్పినవ్. సంతకం మాత్రం పెట్టలేను. ముందురోజు గడి ఖాళీగ ఉన్నది."

ఆయన మీద కోపం రాదు. నిబంధన ఆయన రాసింది కాదు. ఆయన చదువుకునే రోజుల్లో ఆయన గడిలోనూ ఎవరో ముందే జవాబులు రాసి ఉంటారు.

ముప్పై తొమ్మిది పాఠాలయ్యేసరికి నా పాదాలు మూడడుగుల ఎత్తులో ఉన్నాయి. నల్లబల్ల పై అంచు నా నడుము దగ్గరికి వస్తోంది. వంగితే పై రెండు వరుసలు మాత్రం అందుతాయి, మిగతాది పిల్లలే రాసుకోవాలి. వీరేశం అన్న, నేను ఇప్పుడు దాదాపు ఒకే ఎత్తులో మాట్లాడుకుంటున్నాం.

"రేపటి పాఠం వాయిదా పెట్టుకో చెల్లె" అంటాడు. "నా పక్కన జాగ ఉన్నది. కిటికీలకెల్లి పోయినోళ్లు ఒక్కలు గూడ ఉత్తరం రాయలే."

"పదకొండేండ్ల నుంచి పైన ఉన్నవ్ గద అన్నా, ఒక్క పిల్లగానికన్న ఒక్క పాఠమన్న చెప్పినవా?"

వీరేశం అన్న ఫ్యాను కాడను ఇంకో చేతిలోకి మార్చుకుంటాడు. నా మాట కటువుగా వచ్చిందని తర్వాత బాధపడతాను.

చివరి పాఠం ఉదయం పదకొండింటికి. చివరి సంతకం పెట్టడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ మేడం వచ్చింది. తెల్లచీర, నల్ల బూట్లు, రెండు పాదాలూ నేల మీద గట్టిగా ఉన్నాయి. కిటికీ దగ్గర ఇనుప కొక్కెంతో అటెండరు నిలబడ్డాడు. చివరి పాఠానికి అటెండరు ఉండాలని పదో పేజీలో ఉంది. పురుషోత్తం సారు వెనక బెంచీలో కూర్చుని నా వైపు చూడటం లేదు.

లోపలికి వెళ్లే ముందు నస్రీన్ నన్ను వరండా స్తంభం దగ్గర ఆపుతుంది. నిన్ననే ఆమె పాదాలు నేలను తాకాయి. ఇవాళ నడిచి వచ్చింది, నడిచిన చప్పుడు కూడా వచ్చింది. సంచిలోంచి ఒక పాఠ పథకం తీస్తుంది. నా పాఠమే. రెండో గడి నిండా జవాబులు, అచ్చం నా చేతిరాతలో.

"రెండు రోజులు నేర్చుకుని నీ లెక్కనే రాసిన అక్కా. ఇది చూపియ్. ఒక్క సంతకం పడ్తే ఇగ కిటికీ తెరవరు. నేల మీదికి నిమ్మళంగ వద్దువు."

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నా కళ్లలోనూ ఉన్నాయి. నేల కావాలి నాకు. చల్లటి బండ మీద అరికాలు ఆనించి ఎన్ని నెలలైందో. టీచరమ్మ అనిపించుకోవాలి, పేరు పక్కన ఆ మాట పడాలి, దాని కోసమే షెడ్డులో పనిచేస్తూ చదివాను. ఆ కాగితం పట్టుకుంటే చాలు. పట్టుకుంటాను కూడా. మొదటి జవాబు చదువుతాను. ఎంతో సరైన జవాబు. కానీ రవళి అలా మాట్లాడదు.

"నీ అసొంటి దోస్తు నాకు షెడ్డుల గూడ దొరకలే" అని కాగితం మడిచి ఆమె చేతిలోనే పెడతాను. ఆమె చున్నీ కొసను మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకుని నాతో పాటు లోపలికి వస్తుంది.

ఎక్స్‌టర్నల్ మేడం పథకం చూస్తుంది. "రెండో గడి?"

"పిల్లలది మేడం" అంటాను. "వాళ్లను అడగాలె."

పాఠం పేరు 'సగం'. రవళిని పిలిచి ఒక సుద్దముక్క ఇచ్చి, రెండుగా విరవమంటాను. విరుస్తుంది. దాంట్లో సగాన్ని మళ్లీ విరవమంటాను. సగంలో సగం అంటే ఎంత అంటే నాలుగైదు జవాబులు వస్తాయి. 'పావు' అన్నవాడున్నాడు, 'కొంచెం' అన్నవాడున్నాడు. 'తమ్మునికి ఇచ్చేటిది' అన్న పిల్ల ఉంది. రాసుకుంటున్నాను. రవళి మాత్రం సుద్ద వైపే చూస్తోంది.

"టీచర్, గిట్ల ఇరుసుకుంట పోతే ఎప్పుడన్న ఒడిసిపోతదా?"

మేడం పెన్ను ఎత్తి పట్టుకుంటుంది. టీచరు చెప్పకూడని మాట ఒకటి పదకొండో పేజీలో ఉంది. ఆ మాట నలభై పాఠాల్లో ఎవరూ చెప్పలేదు. ఈ కాలేజీ కట్టిన తర్వాత ఎవరూ చెప్పలేదు.

"నాకు తెల్వది బిడ్డా" అంటాను, షెడ్డు అవతలి మూలకు వినిపించే గొంతుతో. "ఇరిసి చూడు."

అటెండరు కొక్కెంతో గడియ లాగుతాడు. కిటికీ తెరుచుకుంటుంది. బయటి గాలి నా చీర కుచ్చిళ్లను పట్టుకుంటుంది. నేను పక్కకు, పైకి జరుగుతున్నాను. చున్నీ బిగుసుకుంటుంది. నస్రీన్ బెంచీ కాలుకు పాదం తన్నిపెట్టి వెనక్కి వాలుతుంది.

రవళి ఇదేమీ చూడటం లేదు. సుద్దను విరుస్తుంది. మునివేళ్ల మీద లేచి ఒక సగం నాకు అందిస్తుంది. తీసుకుంటాను. గోరంత ముక్క, ఇటుకంత బరువుంది. నేను జానెడు కిందికి వస్తాను.

"ఇంకా ఉన్నది టీచర్" అని మళ్లీ విరుస్తుంది. ఇచ్చిన సగం ఆవగింజంత ఉంది. ఎడమ చేత్తో పట్టుకోలేక రెండు చేతులూ పడతాను. ఇంకో జానెడు దిగుతాను. గాలి వీస్తూనే ఉంది, కానీ నా కొంగు తప్ప ఏదీ కదలడం లేదు. రవళి మళ్లీ విరుస్తుంది. ఇప్పుడు ఆమె వేళ్ల మధ్య ఏమీ కనబడటం లేదు. కనబడనిదాన్ని జాగ్రత్తగా విరిచి, ఒక సగాన్ని పక్కపిల్ల సాయంతో, నిండు బిందె మోసినట్టు ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని తెచ్చి నా చేతుల్లో పెడతారు.

నా అరికాళ్లు బండను తాకుతాయి. చల్లగా ఉంది. సుద్దపొడి ఉంది, ఒక చిన్న రాయి గుచ్చుకుంటోంది. ఇంత సంతోషం నాకు ఎన్నడూ లేదు.

"నేను ఇంకా సంతకం పెట్టలేదు" అంటుంది ఎక్స్‌టర్నల్ మేడం. "మీరు నేల మీద ఎలా ఉన్నారు?"

"బరువుతోటి మేడం."

ఆమె దానికి పేజీ వెతుకుతుంది. ప్రాస్పెక్టస్ మొదటి నుంచి చివరిదాకా తిప్పి, మూసి, బెంచీ మీద పెడుతుంది. నస్రీన్ మణికట్టు నుంచి చున్నీ విప్పుకుంటుంది, ఇక అవసరం లేదు. అటెండరు కిటికీ మూయబోతే పురుషోత్తం సారు ఉండనీయమంటారు, గాలి బాగుందట.

నేను నేల దగ్గర ఆగడం లేదు. పిల్లలందరూ తలా ఒక సుద్దముక్క పట్టుకుని విరుస్తున్నారు, నలభై ఇద్దరూ నలభై రెండు చోట్ల ఆగి నలభై రెండు అనుమానాలు అడుగుతున్నారు. తెలిసినవాటికి చెబుతున్నాను, తెలియనివాటికి తెల్వది అంటున్నాను, వాళ్లు తెచ్చిన సగాలు అందుకుంటున్నాను. చీలమండల దాకా బండలో దిగాను. తర్వాత మోకాళ్ల దాకా. బండ నొప్పి పెట్టడం లేదు, నా కొలతకు చోటు ఇస్తోంది. ఇక ఎవరు ఏ కిటికీ తెరిచినా నన్ను ఇక్కడి నుంచి లేపలేరు. నడుము దాకా దిగేసరికి, నా ముందు బండ మీద కూర్చున్న రవళి కళ్లూ నా కళ్లూ సరిగ్గా ఒకే ఎత్తులోకి వస్తాయి.

"తర్వాత ఎవరు?" అంటాను.

పిల్లలు వరుసలో జరిగి దారి ఇస్తారు. వరుస చివర ఎక్స్‌టర్నల్ మేడం నిలబడి ఉంది, బూట్లు విడిచి, దోసిలి ముందుకు చాచి. దోసిట్లో ఏమీ కనబడటం లేదు. దాన్ని మోయలేక ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి.